ఎవరు చెప్పవలెను? ఇందూరు సీమలో బాలరక్షణ శాసనముల చరిత్ర

ఊరిలో దొంగతనము జరిగినచో తెల్లవారులోగా ఠాణాకు వార్త చేరును. చెఱువులో శవము తేలినచో పంచనామా జరుగును. పొలము గట్టు జరిగినదని తగవు పుట్టినచో పదిమంది సాక్షులు తామై ముందునకు వత్తురు. కాని ఒక పసిబిడ్డకు ఇంటిలోనో, బడిలోనో, వసతిగృహములోనో, దేవుని పేరిటనో అపచారము జరిగినచో, ఊరంతయు ఎఱిగియు ఊరకుండును. ఎవరి ఇంటి సంగతి వారిది; ఆడపిల్ల మాట అల్లరి చేయరాదు; మనకెందుకు వచ్చిన తంటా. ఈ మూడు మాటలు ఎన్ని తరములనుండియో మన రచ్చబండలపై వినబడుచున్నవి. ఈ మౌనమును శాసనము ఎట్లు ఎదుర్కొన్నది? చూచినవాడు చెప్పితీరవలెనను నియమము మన దేశమున ఎప్పుడు, ఎట్లు ఏర్పడినది? ఉపాధ్యాయునిపై, వైద్యునిపై, వసతిగృహ పాలకునిపై ఆ భారము ఎట్లు పడినది? ఈ ప్రశ్నలకు సమాధానము వెదకువారికి నిజామాబాదు జిల్లా చరిత్ర, అందును బోధను, వర్ని ప్రాంతముల చరిత్ర, చక్కని ఆధారము.

ఇందూరు అను ప్రాచీన నామము గల పట్టణము 1905లో నిజామాబాదు అయ్యెను. బోధను అంతకంటెను పురాతనము. అశ్మక జనపదమునకు రాజధానియైన పోదన నగరము ఇదియేయని చరిత్రకారులు చెప్పుదురు. మంజీరానదిపై 1923లో ఆరంభమైన నిజాంసాగరు నిర్మాణము నవాబు అలీ నవాజ్ జంగు పర్యవేక్షణలో 1931నాటికి పూర్తియయ్యెను. కాలువనీరు పాఱిన చోటనెల్ల వరియు చెఱకును పెరిగినవి. 1937లో బోధను చెంత నిజాం చక్కెర కర్మాగారము వెలసెను. దానిచుట్టు లేచిన వాడకు శక్కర్‌నగరు అని పేరు. కోస్తా జిల్లాలనుండి రైతులు వలసవచ్చి క్యాంపులు కట్టుకొనిరి. చెఱకు బండ్లు బారులు తీరిన ఆ కాలమున ఈ సీమ హైదరాబాదు రాజ్యమున కెల్ల భాగ్యసీమగా పేరొందెను. ఆ కర్మాగారము 2002లో ప్రైవేటు యాజమాన్యము చేతికి పోయి, 2015 చివర మూతపడినది.

నీరు వచ్చిన చోటికి సిరి వచ్చెను. సిరి వచ్చిన చోటికి న్యాయము వెంటనే రాలేదు. ఈ పచ్చని సీమలోనే జోగినీ ఆచారము లోతుగా వేళ్లూనియుండెను. మాల మాదిగ కుటుంబములలోని ఆడపిల్లను ఐదాఱేండ్ల ప్రాయముననే ఎల్లమ్మకో, పోచమ్మకో అంకితము చేయుచుండిరి. పుట్టిన బిడ్డలు దక్కుటలేదని కొందఱు మ్రొక్కుకొనిరి. రోగము కుదిరినచో అని కొందఱు మ్రొక్కుకొనిరి. కొడుకు లేని ఇంట ముసలితనమున ఆదరువుగా కూతురును నిలుపుకొనుట కొందఱి ఆలోచన. అప్పిచ్చిన పెద్దమనిషి ఒత్తిడియు పలుమారు ఈ మ్రొక్కుల వెనుక నుండెను. పిల్లను పెండ్లికూతురువలె అలంకరించి, మెడలో తాళి కట్టి, పట్టము కట్టితిమనిరి. ఆనాటినుండి ఆమెకు వేఱు పెండ్లి లేదు. ఈడేరిన పిమ్మట ఊరిలో పెత్తనము గలవారికి ఆమె లోబడి యుండవలెను. జాతరలలోను, శవయాత్రల ముందును ఆడవలెను. ఆమెకు పుట్టిన బిడ్డలను బడిలో చేర్చునపుడు తండ్రి పేరు వ్రాయు గడి ఖాళీగా మిగులును. అంకితము దేవునికి, అనుభవము ఊరిపెద్దలకు.

ఇందు మనము గమనింపవలసిన విషయ మొకటి కలదు. ఈ కార్యము రహస్యముగా జరిగినది కాదు. డప్పులు మ్రోగినవి; విందు జరిగినది; ఊరు ఊరంతయు చూచినది. గ్రామాధికారులును ఆ ఊరివారే కదా. హైదరాబాదు రాజ్యమున ప్రతి గ్రామమునకును ముగ్గురు అధికారు లుండిరి. శిస్తు వసూలుకు మాలీపటేలు, శాంతిభద్రతలకు పోలీసుపటేలు, లెక్కలకు పట్వారీ. నేరము జరిగినచో ఠాణాకు వార్త పంపుట పోలీసుపటేలు విధి. బ్రిటిషు ఇండియాలో 1898నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడు ఈ విధిని స్పష్టముగా వ్రాసినది. దాని 45వ సెక్షను గ్రామపెద్ద, కరణము, కావలివాడు, భూస్వామి మొదలగువారు ఏయే విషయములను వెంటనే తెలుపవలెనో లెక్కించినది: దొంగసొత్తు కొనువాని నివాసము, దోపిడికాండ్ర రాకపోకలు, బెయిలు లేని నేరములు, అనుమానాస్పద మరణములు. 44వ సెక్షను సామాన్య ప్రజలకును కొంత భారము పెట్టినది. రాజద్రోహము, హత్య, బందిపోటు, ఇల్లు తగులబెట్టుట వంటి నేరముల సంగతి తెలిసినవారు చెప్పవలెను. 1951లో ఈ కోడు హైదరాబాదు రాష్ట్రమునకును వర్తించెను.

కావున చెప్పవలసిన విధి మనకు క్రొత్తది కాదు. రాజ్యమునకు, ప్రాణమునకు, ఆస్తికి కలుగు హానిని చెప్పుమని ఆనాటి శాసనము ఆజ్ఞాపించినది. బిడ్డకు కలుగు హానిని ఆ పట్టికలో పేరెత్తి చెప్పలేదు. ఏదేని నేరము బెయిలు లేని నేరముల జాబితాలో పడినపుడు పటేలు దానిని చెప్పవలసినదే. కాని చెప్పుటకు ముందు అది నేరమని అతనికి తోచవలెను కదా. పిల్లకు పట్టము కట్టుట ఊరి దృష్టిలో ఆచారము, బాల్యవివాహము శుభకార్యము, అప్పునకు ప్రతిగా పిల్లవానిని భగేలాగా పెట్టుట ఒప్పందము. నేరమని పేరు లేనిదానికి నేరవార్త ఎక్కడినుండి వచ్చును? బాలరక్షణ శాసనముల చరిత్ర మూడు మెట్ల చరిత్రయని నాకు తోచును. మొదటిది, చేసిన పనికి నేరమని పేరు పెట్టుట. రెండవది, చెప్పవలసినవాడెవడో నిర్ణయించుట. మూడవది, చెప్పినవానికి రక్షణ నిచ్చుట.

మొదటి మెట్టుకే చాలకాలము పట్టినది. 1860నాటి పీనలు కోడులో మైనరు బాలికను వ్యభిచారమునకై అమ్ముటయు, కొనుటయు నేరములుగా చేర్చిరి. బాల్యవివాహములను అరికట్టు శారదా చట్టము 1929లో వచ్చినది. అది బ్రిటిషు ఇండియాకే గాని నిజాము రాజ్యమునకు కాదు. డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డి పెక్కేండ్లు సాగించిన కృషి ఫలించి 1947లో మద్రాసు దేవదాసీ నిషేధ చట్టము వచ్చినది. దాని హద్దును మద్రాసు రాష్ట్రపు పొలిమేరవద్దనే ఆగినది. ఇవతల హైదరాబాదులో పని సంఘసంస్కర్తల చేతిలో నుండెను. 1906లో జగన్మిత్ర మండలిని, 1911లో మన్యసంఘమును స్థాపించిన భాగ్యరెడ్డివర్మ (1888-1939) జోగినీ ఆచారమునకును, బాల్యవివాహములకును వ్యతిరేకముగ హరికథలద్వారా, సభలద్వారా ప్రచారము చేసెను. 1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన మొదలైన ఆంధ్ర మహాసభలలో బాల్యవివాహములును, వెట్టియు చర్చకు వచ్చినవి. ఆఱవ మహాసభ 1937లో మందుముల నరసింగరావుగారి అధ్యక్షతన ఈ నిజామాబాదులోనే జరిగినది. అంతకు ముందేడు, 1936లో, భగేలా ఒప్పందములను నియంత్రించు నిబంధన నిజాము ప్రభుత్వము చేసియుండెను. అయినను ఈ ఆచారము ఊళ్లలో సాగుచునే యుండెను.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన పిమ్మటను మూడు దశాబ్దములు ఇట్లే గడచినవి. 1984లో రాష్ట్రప్రభుత్వము పటేలు పట్వారీ ఉద్యోగములను రద్దుచేసెను. వార్త చెప్పవలసిన పాత అధికారి అట్లు తొలగిపోయిన ఆ దశాబ్దముననే, జోగినుల సంగతి బయటివారి చెవిని పడుట విశేషము. మహాకవి జాషువగారి కుమార్తె హేమలతా లవణము (1932-2008), గోరాగారి కుమారుడైన లవణము (1930-2015), తమ సంస్కార్ సంస్థద్వారా నిజామాబాదు జిల్లాలో జోగినీ సంస్కరణమునకు పూనుకొనిరి. అంతకుముందు వారు స్టువర్టుపురమున నేరవృత్తి ముద్ర పడిన కుటుంబముల మధ్య పనిచేసినవారు. వర్నిలో చెల్లినిలయమను పేరిట ఒక ఆశ్రయము ఏర్పడెను. ఆ పేరే ఒక సిద్ధాంతము. ఊరంతయు జోగిని అని పిలిచినదానిని చెల్లీ అని పిలుచుట సంస్కరణమునకు మొదటి అడుగు. జోగినులకు పెండ్లిండ్లు, జీవనోపాధి, వారి బిడ్డలకు చదువు అనునవి ఈ ఉద్యమపు ముఖ్యకార్యములు. ఇంకొక ఫలితము కూడ గలదు. అంతవఱకు తమ బ్రతుకు విధివ్రాత యనుకొన్న స్త్రీలు, అది తమకు జరిగిన అన్యాయమని సభలలో నోరు విప్పి చెప్పిరి.

ఈ ఆందోళనల నడుమ 1988లో ఆంధ్రప్రదేశ్ దేవదాసీ అంకిత నిషేధ చట్టము వచ్చినది. జోగిని, బసివి, పార్వతి, మాతమ్మ, తయ్యమ్మ మొదలగు పేర్లతో ఏ ప్రాంతమున ఏమని పిలిచినను, స్త్రీని దేవతకు అంకితము చేయుట చెల్లదనియు, అది నేరమనియు శాసించినది. అంకితమునకు ఆమె అంగీకరించినదను వాదమును నిలువనీయలేదు. ఆ కర్మ జరిపినవారును, ప్రోత్సహించినవారును, తల్లిదండ్రులైనను సరే, శిక్షకు పాత్రులు. మొదటి మెట్టు ఇచ్చట పూర్తియైనది. కాని చట్టము కాగితముమీదనుండి ఊరిలోనికి నడచుటకు ఒక వార్తాహరుడు కావలెను. పిల్ల తల్లిదండ్రులే నిందితులు. పొరుగువారు విందు తిన్నవారు. పెద్దలు లాభము పొందువారు. చెప్పునదెవరు? బడిలో హాజరుపట్టీ చూచు పంతులమ్మ చెప్పగలదు. అంగన్వాడీ కార్యకర్త చెప్పగలదు. ఉపకేంద్రపు నర్సు చెప్పగలదు. వీరు ఊరివారును అగుదురు, ఊరి బయటి ధర్మమునకు బద్ధులును అగుదురు. వృత్తిగలవారిపై భారము పెట్టవలెనను ఆలోచన ఇట్టి చోటనే పుట్టును.

ఆ ఆలోచన మొట్టమొదట స్థిరరూపము దాల్చినది అమెరికాలో, అదియు పిల్లల వైద్యుల మూలమున. 1962లో కొలరాడోకు చెందిన డాక్టరు హెన్రీ కెంప్ తన సహచరులతో కలిసి ప్రసిద్ధ వైద్యపత్రికలో ఒక వ్యాసము ప్రకటించెను. మంచముపైనుండి పడినదని చెప్పి తెచ్చిన శిశువుయొక్క ఎక్స్‌రే చిత్రములలో, వేర్వేఱు కాలములందు విఱిగి వేర్వేఱు దశలలో అతుకుచున్న ఎముకలు కనబడుచున్నవని, ఇది ప్రమాదము కాదు, పదేపదే కొట్టుటయేయని వారు చూపిరి. బిడ్డ మాటలాడలేదు, తల్లిదండ్రులు నిజము చెప్పరు, ఎముక అబద్ధమాడదు. చూచిన వైద్యుడు ఊరకున్నచో ఆ బిడ్డ మరల అదే ఇంటికి పోవును. ఈ వాదము శాసనసభలను కదలించినది. 1963నుండి 1967లోపల అమెరికా రాష్ట్రములన్నియు అనుమానము గలిగిన వెంటనే తెలుపవలెనను చట్టములు చేసినవి. తొలుత వైద్యులకు మాత్రమే చెప్పిన విధి క్రమముగా ఉపాధ్యాయులకు, నర్సులకు, సంఘసేవకులకు విస్తరించినది. 1974లో కేంద్రచట్టము కూడ వచ్చినది. ఈ చట్టములన్నిటి మూలసూత్ర మొక్కటే. చెప్పువాడు నేరమును రుజువు చేయనక్కఱలేదు. సహేతుకమైన అనుమానము కలిగిన చాలును. విచారణ పోలీసుల పని, నిర్ణయము న్యాయస్థానపు పని.

మన దేశము 1992లో ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో చేరినది. 2007లో కేంద్ర స్త్రీ శిశు అభివృద్ధి శాఖ ఒక అధ్యయనమును ప్రకటించినది. 13 రాష్ట్రములలో 12,447 మంది పిల్లలను ప్రశ్నింపగా, నూటికి 53 మందికి పైగా తాము ఏదో యొక రూపమున లైంగిక దుశ్చేష్టకు గుఱియైతిమని చెప్పిరి. అట్టి ఫిర్యాదులు ఎక్కువగా వచ్చిన రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఇది బాలికల బాధ మాత్రమే కాదు; మగపిల్లల సంఖ్యయు అంతే. చేసినవారిలో పెక్కుమంది పిల్లలకు తెలిసినవారు, నమ్మదగినవారుగా తిరుగువారు. పిల్లలలో చాలమంది ఎవరికిని చెప్పుకొనలేదు. ఈ అంకెలు ప్రభుత్వమును నిద్ర లేపినవి.

2012లో పార్లమెంటు లైంగిక నేరములనుండి బాలల రక్షణ చట్టమును చేసినది. పోక్సో యని జనుల నోట నలుగు చట్టమిదియే. అది ఆ యేడు నవంబరు 14న, బాలల దినోత్సవమున, అమలులోనికి వచ్చినది. 18 ఏండ్లు నిండని ప్రతివారును, ఆడయైనను మగయైనను, దీని దృష్టిలో బాలలే. మన చర్చకు ముఖ్యమైనది దీని 19వ సెక్షను. నేరము జరిగినదని తెలిసినవారును, జరుగునేమోయని భయము కలిగినవారును, ఎవరైనను సరే, స్థానిక పోలీసులకో, బాలలకై ఏర్పఱచిన ప్రత్యేక పోలీసు విభాగమునకో తెలుపవలెను. అమెరికా చట్టములు కొన్ని వృత్తులను పేర్కొనగా, మన చట్టము అందఱిపైనను భారము మోపినది. 20వ సెక్షనులో మాత్రము కొందఱిని పేరెత్తి పిలిచినది. పత్రికలు, హోటళ్లు, లాడ్జీలు, ఆసుపత్రులు, క్లబ్బులు, స్టూడియోలు, ఫోటో తీయు దుకాణములు, వీటిలో పనిచేయువారి కంటికి బాలలను లైంగికముగా వాడుకొను చిత్రమో వస్తువో పడినచో వెంటనే తెలుపవలెను.

చెప్పనిచో ఏమగును? 21వ సెక్షను ప్రకారము ఆఱు మాసములవఱకు జైలు, లేదా జరిమానా, లేదా రెండును. సంస్థకు పెద్దగా నుండి, తన క్రింది ఉద్యోగి చేసిన నేరమును దాచినవానికి ఏడాదివఱకు జైలును, జరిమానాయును. బడి పేరు చెడునని ప్రధానోపాధ్యాయుడును, ఆసుపత్రికి మచ్చ వచ్చునని యజమానియు ఊరకుండుట కిది సమాధానము. కాని చెప్పలేదని బిడ్డను శిక్షింపరాదు. మంచి ఉద్దేశముతో చెప్పినవానిపై సివిలుగాగాని క్రిమినలుగాగాని ఏ బాధ్యతయు రాదని అదే 19వ సెక్షను హామీ యిచ్చినది. ఎవరిపైననో కక్షతో కావలెనని అబద్ధము చెప్పినవానికి మాత్రము 22వ సెక్షనున శిక్ష కలదు. మనము చెప్పుకొన్న రెండవ మెట్టును, మూడవ మెట్టును ఒకే చట్టములో వచ్చినవి.

చెప్పిన తరువాత జరుగవలసినది కూడ ఇంటింట తెలియవలెను; తెలియకపోవుట చేతనే భయము పెరుగును. పోలీసులు ఆ వార్తను వ్రాసికొని, చెప్పినవారికి చదివి వినిపించి, పుస్తకములో ఎక్కింపవలెను. బిడ్డకు ఆశ్రయమో చికిత్సయో కావలసినచో 24 గంటలలో ఏర్పాటు చేయవలెను. 24 గంటలలోగా బాలల సంక్షేమ సమితికిని, ప్రత్యేక న్యాయస్థానమునకును నివేదింపవలెను. బిడ్డ మాటను ఇంటివద్దనో, బిడ్డ కోరిన చోటనో, వీలైనంతవఱకు స్త్రీ అధికారి వ్రాసికొనవలెను. ఆ అధికారి యూనిఫారములో నుండరాదు. ఏ కారణముచేతను బిడ్డను రాత్రివేళ ఠాణాలో ఉంచరాదు. బాలికను స్త్రీ వైద్యురాలే పరీక్షింపవలెను. బిడ్డ నమ్మినవారు ప్రక్కన నుండవలెను. బిడ్డ పేరు, బడి, ఊరు, చిత్రము పత్రికలలో రారాదు. ఈ నియమము మా వంటి ప్రసారకులకును వర్తించును. ఆసుపత్రుల విషయమున 2013లో మఱియొక నియమము చేరినది. సర్కారుదైనను ప్రైవేటుదైనను, ప్రతి ఆసుపత్రియు బాధితులకు ఉచితముగా తొలి చికిత్స చేసి, వెంటనే పోలీసులకు తెలుపవలెను. ముందు ఠాణా కాగితము తెమ్మని బిడ్డను గుమ్మమున నిలుపు హక్కు ఏ వైద్యునికిని లేదు. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలోను ఈ నియమము నిలిచినది.

న్యాయస్థానములు ఈ విధికి బలము చేకూర్చినవి. 2013లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో, పాఠశాలలు, బాలల గృహములు, ఆసుపత్రులు నడపువారు తమ ఆవరణలో జరిగిన అకృత్యమును తెలిసియు దాచరాదని గట్టిగా చెప్పినది. 2022 నవంబరు 2న వచ్చిన తీర్పు మనకు మఱియు దగ్గఱది. మన పొరుగుననే యున్న చంద్రాపూరు జిల్లాలో ఒక బడి వసతిగృహమున గిరిజన బాలికలపై అత్యాచారములు జరిగినవని ఆరోపణ. అచ్చటి పిల్లలకు చికిత్స చేయు వైద్యునికి సంగతి తెలిసియు చెప్పలేదని కేసు పెట్టగా, హైకోర్టు దానిని కొట్టివేసినది. సుప్రీంకోర్టు ఆ కేసును పునరుద్ధరించినది. తెలిసియుండి చెప్పకపోవుట తీవ్రమైన నేరమనియు, పలుమారు అది నేరస్థుని కాపాడు ప్రయత్నమే యగుననియు ఆ తీర్పున వివరించినది. వార్త సకాలమున రానిచో సాక్ష్యము చెఱగిపోవును, ఇతర పిల్లలును అపాయమున పడుదురు. ఇదియే ఈ విధికి ఆధారమైన తర్కము.

అయినను ఈ విధి ఎల్లచోటులను సులభమని చెప్పుట సత్యము కాదు. పదునేడేండ్ల బాలిక తన యిష్టముతో ప్రేమించినవానితో తిరిగి గర్భవతియై వైద్యురాలి నాశ్రయించినదనుకొనుడు. చట్టము ప్రకారము వైద్యురాలు పోలీసులకు తెలుపవలెను. తెలుపుదురను భయముతో బాలిక ఆసుపత్రికే రాక, నాటువైద్యుని చేతిలో ప్రాణము పోగొట్టుకొనవచ్చును. ఈ ధర్మసంకటమును సుప్రీంకోర్టు 2022 సెప్టెంబరు 29నాటి తీర్పున గుర్తించినది. గర్భస్రావముకై వచ్చిన మైనరు బాలికయు, ఆమె సంరక్షకులును కోరినచో, వైద్యులు పోలీసులకిచ్చు వార్తలో ఆమె పేరును, ఇతర వివరములను వెల్లడింపనక్కఱలేదని చెప్పినది. వార్తయు ఆగరాదు, బిడ్డ మానమును పోరాదు అనునది ఆ తీర్పులోని సమన్వయము. మఱికొందఱు అందఱిపైనను భారము మోపుటవలన కొందఱు బిడ్డ మాట వినుటకే వెనుకాడుదురని వాదింతురు. ఈ వాదములో కొంత నిజము లేకపోలేదు. కాని బిడ్డ చెప్పిన మాట తనతోనే సమాధి కావలెనని కోరు పెద్ద, బిడ్డకు మేలు కోరువాడు కాడు.

ఇప్పుడు మరల బోధను సీమకు వత్తము. నేరము జరుగునేమోయను భయము కలిగినను చెప్పవలెనని 2012నాటి చట్టము చెప్పుచున్నది కదా. ఆ మాట జోగినీ ఆచారమునకు ఎంత చక్కగా అన్వయించునో చూడుడు. ఐదేండ్ల పిల్లకు పట్టము కట్టు సన్నాహము జరుగుచున్నచో, ఆమె ఈడేరిన పిమ్మట జరుగబోవునది ఏమో ఊరెఱుగును. 1988నాటి చట్టము ఆ పట్టమును నేరమన్నది; 2012నాటి చట్టము ఆ పట్టమునకు వెనుకనున్న భయమును చెప్పుమన్నది. 2015నాటి బాలన్యాయ చట్టము లైంగిక దోపిడికి గుఱియగు అవకాశమున్న బిడ్డయు, ఈడు రాకుండ పెండ్లి చేయబోవు బిడ్డయు రక్షణ అవసరమైన బాలలేయని చెప్పి, వారిని బాలల సంక్షేమ సమితి యెదుటికి తెచ్చు మార్గము చూపినది. దిక్కులేని బిడ్డ కనబడినచో 24 గంటలలో తెలుపుట ఆసుపత్రి, ప్రసూతిగృహములతో సహా అందఱి విధియని 32వ సెక్షను చెప్పుచున్నది. చెప్పనివారికి ఆఱు మాసములవఱకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండును. బీడీలు చుట్టు ఇండ్లు మెండుగా గల ఈ జిల్లాలో ఇంటివారికి తోడుగా చేయు పని తప్ప, పిల్లలను బీడీల పనికి పెట్టుట 1986నాటి బాలకార్మిక చట్టమునాడే నిషిద్ధమైనది. ఒకనాడు ఆచారము, ఒప్పందము, ఇంటిపని అనిపించుకొన్నవన్నియు నేడు తమ అసలు పేరుతో చట్టపుస్తకములో నున్నవి.

పటేలు పోయెను, కాని అతని విధి పోలేదు. అది తరగతి గదిలోని పంతులమ్మకు, గురుకులపు వార్డెనుకు, ఉపకేంద్రపు నర్సుకు, పట్టణములోని వైద్యునికి, ఫోటో దుకాణదారునికి, చివరకు రేడియో విను గృహస్థునికి పంచబడినది. నాలుగు దినములుగా బడికి రాని పిల్ల, ఒక పేరు వినగనే ముడుచుకొనిపోవు పిల్లవాడు, కారణము చెప్పలేని గాయము, అకస్మాత్తుగ ఇంటిముందు వేసిన పందిరి, ఇవి నేరమునకు రుజువులు కావు. అడిగి తెలిసికొనుమను సంకేతములు. బిడ్డ చెప్పినచో నమ్మకముతో వినవలెను, మాటిమాటికి ప్రశ్నింపరాదు, ఎవరికిని చెప్పనని వాగ్దానము చేయరాదు, చెప్పవలసినవారికే చెప్పెదనని ధైర్యము చెప్పవలెను. విన్న మాటను విన్నట్లే తేదీతో వ్రాసియుంచవలెను. అనుమానితుని పిలిచి రాజీ కుదుర్చుట మన పని కాదు. పంచాయతీ పెట్టి పరిహారము నిర్ణయించుట అంతకంటెను కాదు. 1098 అను నంబరునకు గాని, 112 అను నంబరునకు గాని ఫోను చేసినచో వార్త చేరవలసిన చోటికి చేరును.

నిజాంసాగరు కాలువ తవ్వినపుడు నీరు తనంతట తాను పొలమునకు పోలేదు. తూము తెఱచువాడు, పాయ కట్టువాడు, మడి చూచువాడు, అందఱు కలిసి నీటిని నడపిరి. శాసనము సంగతియు అంతే. ఢిల్లీలో వ్రాసిన అక్షరము వర్ని మండలములోని గుడిసె గుమ్మము చేరవలెనన్న, నడుమ నిలిచిన ప్రతి మనిషియు తన తూము తెఱవవలెను. జోగినులుగా బ్రతికిన స్త్రీలే సభలలో నిలిచి తమ కథ తాము చెప్పుకొనిరి. వారు పసివారై యున్ననాడు వారి పక్షమున చెప్పినవారు లేకపోయిరి. నేటి పసివారి పక్షమున చెప్పుమని చట్టము మనలను ఆజ్ఞాపించుచున్నది, చెప్పినచో కాపాడుదునని మాట యిచ్చుచున్నది. ఇక మిగిలినది మన నోరు విప్పుటయే.